బీపీ రిజిస్టర్‌లో సున్నాలు: మా పీహెచ్‌సీ ప్రాజెక్టు డైరీ

మార్చి 4

మాది నెల్లూరు జిల్లాలో నిమ్మతోటల మధ్య ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. నేను ఇక్కడ స్టాఫ్ నర్సుని. ఈ ఏడాది ఎన్‌క్వాస్ పనులు చూసే బాధ్యత నాకిచ్చారు. జాతీయ నాణ్యతా ప్రమాణాలను మా వాళ్లందరూ ఎన్‌క్వాస్ అనే అంటారు. 2013లో జిల్లా ఆసుపత్రులతో మొదలై, తర్వాత పీహెచ్‌సీల దాకా వచ్చాయి. ఇందులో ఎనిమిది విభాగాలుంటాయి: అందించే సేవలు, రోగుల హక్కులు, వసతులు, సహాయక సేవలు, వైద్యం చేసే తీరు, ఇన్‌ఫెక్షన్ల నివారణ, నాణ్యత నిర్వహణ, ఫలితాలు. ఒక్కో అంశానికి పూర్తిగా ఉంటే రెండు మార్కులు, సగం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. సర్టిఫికెట్ రావాలంటే మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి. ఇంకా కొన్ని షరతులున్నాయి.

ఇవాళ బయటివాళ్లు రాకముందే మాకు మేమే మార్కులు వేసుకున్నాం. బీపీ దగ్గరికి వచ్చేసరికి అరనిమిషం కూడా ఆగలేదు. మిషన్ ఉంది, రిజిస్టర్ ఉంది, రోజూ రాస్తున్నాం. రెండు మార్కులు వేసి ముందుకెళ్లిపోయాం.

సాయంత్రం నైట్ డ్యూటీకి ఉండిపోయాను. ఖాళీగా ఉండి ఆ రిజిస్టర్ తిరగేశాను. 130/80. 120/80. 130/80. 130/90. 120/80. పేజీ తిప్పినా అదే వరస. డెబ్బై ఏళ్ల తాతకీ, పాతికేళ్ల గర్భిణికీ ఒకే అంకె. కూర్చున్నచోటే చేతులు చల్లబడ్డాయి. అందులో నా చేతిరాతా ఉంది.

మార్చి 7

వెనక్కి వెళ్లి వరసగా వంద రీడింగులు తీసుకుని పైఅంకె చివర ఏముందో లెక్కపెట్టాను. మాది డిజిటల్ మిషన్. అది 127 చూపిస్తుంది, 134 చూపిస్తుంది, 141 చూపిస్తుంది. చివరి అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా రావచ్చు. అలాంటప్పుడు వందలో సుమారు పది మాత్రమే సున్నాతో ముగియాలి. మా పుస్తకంలో తొంభై ఒకటి ముగిశాయి.

ఇదేమీ మా ఒక్కరికే ఉన్న జబ్బు కాదు. బీపీ కొలతల మీద పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న పరీక్షే ఇది. పాత పాదరసం మిషన్ల కాలంలో రెండేసి గీతల చొప్పున చదివేవాళ్లు. అప్పుడు ఐదింట ఒకటి సున్నా రావాలి. అంతకంటే ఎక్కువ వస్తున్నాయంటే చదివే మనిషి అంకెను సరిచేసి గుండ్రంగా రాస్తున్నట్టే. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక పెన్సిలు చాలు. ఏ పీహెచ్‌సీలోనైనా అరగంటలో చేసుకోవచ్చు.

మార్చి 8

మీటింగులో చెప్పాను. ఏఎన్ఎం అక్క ముఖం మాడిపోయింది. "అంటే మేం దొంగలెక్కలు రాస్తా ఉండామా?" అంది. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. వరదల్లో నీళ్లలో నడిచి వెళ్లి టీకాలు వేసొచ్చిన మనిషి. ఆ మాటకు నాకు జవాబు రాలేదు. డాక్టర్ మేడమ్ అందుకుని, "ఎవరు రాశారని ఎవరూ అడగొద్దు. ఎందుకు అలా రాయాల్సి వస్తోందో చూద్దాం" అన్నారు. సంతకాల గడి మీద తెల్లకాగితం అంటించి ఆ పేజీలు అందరికీ చూపించాం. ఆ కాగితం అంటించకపోయి ఉంటే ఈ ప్రాజెక్టు ఆ రోజే ఆగిపోయేది.

మార్చి 12

ఓపీ జరుగుతున్నప్పుడు ఒక మూల కూర్చుని, ఏమీ చెప్పకుండా చూశాను. చేతిలో వాచీ, ఒళ్లో నోట్‌బుక్. రెండు గంటల్లో ఇరవై మందికి బీపీ చూశారు. చూసే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నవాళ్లు ఒక్కరు కూడా లేరు.

వాళ్లలో ఒకామె సంగతి రాయాలి. నలభై ఐదేళ్లుంటాయి. తెల్లారుజామున తోటలో నిమ్మకాయలు కోసి, గోతాలు పొదలకూరు మార్కెట్‌కు వెళ్లే ఆటోకి ఎత్తి, అక్కడినుంచి రెండు కిలోమీటర్లు నడిచి వచ్చింది. మోచేయి కిందంతా నిమ్మముళ్ల గీతలు. కొన్ని ఎండి నల్లబడ్డాయి, కొన్నింట్లో ఇంకా ఎర్రగా తడి. వచ్చీరాగానే వీపు ఆనించడానికి వీల్లేని స్టూలు మీద కూర్చోబెట్టారు. బల్ల మరీ కిందికుంది, చెయ్యి దాని అంచుమీదనుంచి జారి వేలాడుతోంది. జాకెట్టు చెయ్యి మీదుగానే పట్టీ చుట్టారు. మిషన్ గాలి ఎక్కుతుండగా ఏఎన్ఎం అక్క ఊరు, వయసు, ఆధార్ అడుగుతోంది, ఆమె జవాబులు చెబుతోంది. మిషన్ 146/92 చూపించింది. పుస్తకంలోకి 140/90 ఎక్కింది. ఆ వెంటనే అక్క ఒక్క క్షణం ఆగి, దాన్ని కొట్టేసి 130/80 చేసింది.

తర్వాత టీ తాగేటప్పుడు అడిగాను. "అంతదూరం నడిచొచ్చింది కదా సిస్టర్, అది ఆమె అసలు బీపీ కాదు" అంది అక్క. ఆ మాట నిజమే. నడక, మాటలు, వేలాడే చెయ్యి, బట్ట మీద పట్టీ అన్నీ అంకెను మార్చేవే. గుండె ఎత్తుకి చెయ్యి పది సెంటీమీటర్లు కిందికుంటే చాలు, పైఅంకె ఏడెనిమిది ఎక్కువ చూపిస్తుంది. కొలత తప్పని అక్కకి తెలుసు. మళ్లీ కొలవడానికి టైం లేదు. అందుకే మనసులో దిద్దుకుని రాసింది. అబద్ధం రాయాలని రాయలేదు.

టైం ఎందుకు లేదంటే, పదకొండుంపావు పల్లెవెలుగు బస్సు. అది పోతే మళ్లీ రెండున్నరకే. అరవై, డెబ్బై మంది పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి పదకొండుకల్లా మందులు చేతిలో పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాలి. ఉన్నది ఒక్క మిషను, ఒక్క స్టూలు. పైగా 140 దాటితే ఇంకో రిజిస్టర్‌లో రాయాలి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, డాక్టర్ దగ్గరికి పంపాలి, వారంలో మళ్లీ రమ్మనాలి. 130 రాస్తే ఇవేవీ ఉండవు.

మార్చి 15

కారణాలన్నీ గోడ మీద చార్టులో రాశాం. వైద్యం నాణ్యతను ఎలా తూచాలో 1966లోనే అవేడిస్ డోనబీడియన్ అనే డాక్టరు మూడు మాటల్లో చెప్పారు: వసతి, పద్ధతి, ఫలితం. బీరూట్‌లో పుట్టి అమెరికాలో పనిచేసినాయన. మేం రెండు మార్కులు వేసుకున్నది మిషన్ ఉందని, అంటే వసతికి. పద్ధతిని ఎవరూ చూడలేదు. ఫలితం ఊసే లేదు.

మార్చి 20 నుంచి ఏప్రిల్ 2

ఈ రెండు వారాల్లో చేసినవి.

స్టూలు తీసేశాం. మీటింగు హాల్లో దుమ్ము పట్టి ఉన్న వీపున్న కుర్చీలు ఆరు వరండాలో నీడ వైపు గోడకి వేశాం. ఒక్కో కుర్చీ పక్కన చెయ్యి ఆనడానికి ఏదైనా కావాలి. వడ్రంగిని పిలిచి పాత బల్లచెక్క కోయించి, కుర్చీ చేతుల మీద అడ్డంగా బిగించాం. కూర్చున్న మనిషి చెయ్యి సరిగ్గా రొమ్ము ఎత్తుకి వస్తుంది. పొట్టివాళ్లకి దుప్పటి మడత ఒకటి.

అసలు మార్పు ల్యాబ్ తమ్ముడి ఆలోచన. ఇంతకాలం మనుషులు వరసగా మిషన్ దగ్గరికి వచ్చేవాళ్లు. "అక్కా, మిషన్‌నే వాళ్ల దగ్గరికి తీసుకుపోదాం" అన్నాడు. పాత డ్రెస్సింగు ట్రాలీ మీద మిషన్ పెట్టాం. ఓపీ చీటీ తీసుకున్నవాళ్లు నేరుగా కుర్చీలో కూర్చుంటారు. చీటీ మీద కూర్చున్న టైం వేస్తాం. ఐదు నిమిషాలయ్యాక ట్రాలీ వాళ్ల ముందుకు వస్తుంది. ఆరుగురూ ఒకేసారి విశ్రాంతి తీసుకుంటారు కాబట్టి మొత్తం టైం పెద్దగా పెరగలేదు. నేను అరగంట ఆలస్యమవుతుందని భయపడ్డాను. మూడో రోజుకల్లా పదకొండుంపావు బస్సు ఎవరికీ తప్పలేదు.

ఊరు, వయసు, ఆధార్ ప్రశ్నలు చీటీ కౌంటర్‌కి మార్చాం. పట్టీ గాలి ఎక్కేటప్పుడు మాటలు లేవు. కాళ్లు రెండూ నేల మీద, ఒకదాని మీద ఒకటి వేసుకోకూడదు. ఒంటికి వెళ్లాలంటే ముందే వెళ్లి రావాలి. బిగుతు జాకెట్టు చెయ్యి పైకి ముడిచి బిగించకూడదు, అది ఇంకో పట్టీలా పనిచేస్తుంది. ఆడవాళ్లకి తెర కట్టాం.

రాసే పద్ధతికి ఒక్కటే నియమం పెట్టుకున్నాం. మిషన్ మీద పడ్డ అంకెను ముందు మనిషికి వినపడేలా చదవాలి, తర్వాత రాయాలి. "నూట ముప్ఫై ఏడు, ఎనభై ఆరు." అంకె ఒకసారి వాళ్ల చెవిన పడ్డాక మార్చి రాయాలంటే చెయ్యి రాదు.

బ్యాటరీలు మూడో రోజే అయిపోయాయి. ట్రాలీ మీద వైరు లేకుండా తిప్పితే అంతే మరి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి ఛార్జింగు బ్యాటరీలు రెండు జతలు, పెద్ద సైజు పట్టీ ఒకటి తెప్పించమని మేడమ్ రాశారు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పట్టీ లోపలి గాలిసంచి చేతి చుట్టుకొలతలో ఎనభై శాతమైనా చుట్టుకోవాలి. బ్యాటరీలు వచ్చాయి. పట్టీ రాలేదు.

ఏప్రిల్ 9

ప్రతి నెలా 9న గర్భిణుల చెకప్ ఉంటుంది. ఇవాళ ముప్ఫై ఒక్క మంది వచ్చారు.

ఎనిమిదో నెల అమ్మాయి. మొదటి కాన్పు. తల్లి వెంట వచ్చింది. ఐదు నిమిషాలు కూర్చున్నాక 152/98. మరోసారి చూస్తే 150/98. పదిహేను నిమిషాలు ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి మళ్లీ చూస్తే 148/96. తలనొప్పి ఉందా అని అడిగితే, "ఎండకి అనుకున్నా సిస్టర్" అంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంది. ఇరవై వారాల తర్వాత 140/90 దాటడమే ప్రమాదం. దాంతోపాటు ఆల్బుమిన్, తలనొప్పి అంటే ఇక ఆలోచించేది లేదు. మేడమ్ 108కి ఫోన్ చేయించి నెల్లూరు పంపించారు. తోడుగా ఏఎన్ఎం అక్క వెళ్లింది.

ఆంబులెన్సు పోయాక ఆ అమ్మాయి కార్డు తీసి చూశాను. అంతకుముందు మూడు నెలలూ 120/80, 120/80, 120/80. అవి నిజంగా అంతే ఉన్నాయో లేదో ఇక ఏ దేవుడూ చెప్పలేడు. రెండోది నేను రాసిందే.

ఏప్రిల్ 12

అక్క ఫోన్ చేసింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తక్కువ బరువు, అయినా ఊపిరి బాగానే తీసుకుంటోంది. తల్లికి ప్రమాదం తప్పింది. అక్క ఆ మాట చెబుతూ ఏడ్చింది. ఇవాళ్టి నుంచి ట్రాలీ తనే తోస్తానంది.

ఏప్రిల్ 17

పై ఆఫీసు నుంచి ఫోన్: మీ మండలంలో బీపీ కేసులు ఒక్క నెలలో అంత ఎందుకు పెరిగాయి, ఏదైనా పొరపాటా అని. అవును, పెరిగాయి. సరిగ్గా కొలిస్తే కొందరికి తగ్గుతుంది, ఆ నిమ్మతోట ఆమెకి విశ్రాంతి తర్వాత 128/82 వచ్చింది. కానీ ఇన్నాళ్లూ 130 చాటున దాక్కున్నవాళ్లు అంతకంటే ఎక్కువమంది బయటపడ్డారు. నాణ్యత పెంచే పనిలో అంకెలు మొదట చెడ్డగానే కనిపిస్తాయి. ఈ సంగతి ముందే పైవాళ్లకి ఉత్తరం రాసి ఉంచాల్సింది. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఆ ఉత్తరం మొదటి రోజే రాయండి. మేడమ్ ఫోన్‌లో పావుగంట వివరించారు.

పేషెంట్లకీ టెన్షన్ పట్టుకుంది. "మొన్నటిదాకా బాగానే ఉండ్లా సిస్టరమ్మా, ఇప్పుడేంది ఉన్నట్టుండి?" అని ఒక పెద్దాయన గట్టిగానే నిలదీశాడు. "మేం సరిగ్గా చూడలేదు తాతా, ఇప్పుడు చూస్తున్నాం" అని చెప్పాను. కాసేపు నా వైపే చూసి, "సరే తల్లీ, ఇప్పుడేం చేయాల చెప్పు" అన్నాడు.

మే, పెంచలకోన బ్రహ్మోత్సవాల వారం

ఓపీ సగానికి సగం ఖాళీ. లెక్కలు తీయలేదు.

మే 21

ఇప్పుడు మందుల సంగతి. కొలత బాగుపడింది, అయినా మాత్రలు రాసిచ్చినవాళ్లలో చాలామందికి బీపీ దిగట్లేదు. ఇంతకుముందు అడిగే ప్రశ్న: "మాత్రలు వేసుకుంటున్నారా?" అందరూ ఆఁ అనేవాళ్లు. ఈ నెల ప్రశ్న మార్చాం: "పోయిన వారంలో ఎన్ని రోజులు మాత్ర వేసుకోవడం కుదరలేదు?" తడబడకుండా చెప్పేస్తున్నారు. మూడు రోజులు. నాలుగు రోజులు. ఒకాయన రోజు మార్చి రోజు వేసుకుంటున్నాడు. పదిహేను రోజులకే మాత్రలు ఇస్తున్నాం, నెలకి రెండుసార్లు కూలి పోగొట్టుకుని రాలేక ఉన్నవాటినే నెలకి సర్దుకుంటున్నాడు. ఆయన లెక్క ఆయనకుంది.

ఇద్దరు ఆడవాళ్లు ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకుంటే కాళ్లు వాచాయని మానేశారు. ఆ మందుతో మడమల దగ్గర వాపు కొందరికి రావడం మామూలే, వేరే మందుకి మార్చొచ్చు. ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మానేశామని చెబితే మేం తిడతామని వాళ్లూ చెప్పలేదు.

ఫార్మసిస్ట్ అన్న స్టాకు లెక్క చూసి, బీపీ నిలకడగా ఉన్నవాళ్లకి నెల మొత్తానికి ఇవ్వడం మొదలుపెట్టాడు. మందులు కావాలని పైకి పంపే ఇండెంటు ముందే పెంచి రాశాడు. ఉప్పు గురించి కూడా మాట్లాడుతున్నాం. రోజుకి ఐదు గ్రాములు దాటకూడదంటే ఎవరికీ ఎక్కదు. మనిషికి రోజంతా కలిపి ఒక టీస్పూను అని చెంచా చేత్తో పట్టుకుని చూపిస్తే, "సద్దన్నంలో ఊరుమిరపకాయలు, మధ్యాన్నం ఉప్పుచేప, ఆ చెంచా పొద్దున్నే అయిపోతాది గదమ్మా" అంది ఒకామె. ఎండుచేప మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. కడిగి, నీళ్లలో నానబెట్టి, వారానికోసారి వండుకోమన్నాను.

మే 29

రోగుల అభిప్రాయాల ఫారాలు. నెలనెలా నింపిస్తున్నాం, అన్నింటిలోనూ చాలా బాగుంది అనే ఉంటుంది. సూది వేసిన చెయ్యే ఫారం అందించి, ఎదురుగా నిలబడి రాయమంటే ఇంకేం రాస్తారు? ఈసారి పక్క ఊరి ఆశా కార్యకర్తని బస్టాపు దగ్గర కూర్చోబెట్టాం. ఆమె ఏమీ రాయించలేదు, రెండే అడిగింది: ఇవాళ ఇబ్బంది పెట్టిందేంది, మళ్లీ రావాలంటే ఏం మారాల? జవాబుల్లో ఎక్కువసార్లు వచ్చింది మరుగుదొడ్డి తాళం. తాళంచెవి నా టేబుల్ సొరుగులో ఉంటుంది, మొగవాళ్ల ముందు వచ్చి అడగలేక ఆడవాళ్లు ఒంటికి ఆపుకుని కూర్చుంటున్నారు. ఆపుకుని కూర్చున్నా బీపీ పెరుగుతుందని ఏప్రిల్‌లోనే గోడ మీద రాశాం. ఈ సాయంత్రమే తాళం తీసేశాం.

జూన్ 11

మళ్లీ వంద రీడింగులు లెక్కపెట్టాం. సున్నాతో ముగిసినవి పదిహేడు. ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు లెక్కపెట్టి సరిచూశాం. మధ్యలో ఒక వారం మాత్రం నలభై దాటాయి. వెనక్కి చూస్తే, సగం స్టాఫ్ ఊళ్లలో సర్వేకి వెళ్లిన వారం అది. ఒక్కరే చీటీ రాసి, బీపీ చూసి, మందులిచ్చారు. మనుషులు తగ్గితే సున్నాలు పెరుగుతాయి. వారంవారం సున్నాల లెక్కను గోడ మీద గ్రాఫ్‌గా గీస్తున్నాం, ఆ ఎత్తైన చుక్క పక్కన ఎందుకో కూడా రాశాం. సర్వేలకి ఎవరిని పంపాలో మేడమ్ ఆ గోడ చూసి నిర్ణయిస్తున్నారు.

బీపీ అదుపులో ఉన్నవాళ్లు పెరిగారా అంటే, పెరిగినట్టే కనిపిస్తోంది. కానీ ఎండాకాలంలో బీపీ మామూలుగానే కొంత దిగుతుంది. మార్చితో జూన్‌ని పోల్చి సంబరపడడం సరికాదు. వచ్చే మార్చిలో పోలుస్తాం.

జూన్ 25

మాకు మేమే మార్కులు వేసుకోవడం రెండోసారి. బీపీ దగ్గర ఈసారి ముప్పావుగంట పట్టింది. ఒక మార్కు వేశాం. పెద్ద పట్టీ ఇంకా రాలేదు, రాత్రి డ్యూటీలో పాత అలవాటు పూర్తిగా పోలేదు. ఒకటే వెయ్యమని పట్టుబట్టింది ఏఎన్ఎం అక్కే.

ఇవాళ ఊళ్లలో ఉన్న మిషన్లు కూడా తెప్పించాం. మొత్తం ఆరింటిలో నాలుగు వచ్చాయి. వాచ్‌మన్ అన్నని కూర్చోబెట్టి, మా మిషన్‌తో ఒకసారి, దానితో ఒకసారి, రెండు నిమిషాల ఎడంతో మూడేసి సార్లు చూశాం. మూడు మిషన్లు దగ్గరదగ్గరగానే చూపించాయి. నాలుగోది ప్రతిసారీ పన్నెండు, పద్నాలుగు తక్కువ చూపించింది. ఏ ఊరి మిషనో చూసి, ఆ ఊరి గర్భిణుల పేర్లు రాసుకున్నాను. ఏడుగురున్నారు. రేపు పొద్దున మా మిషన్ తీసుకుని నేనూ అక్కా ఆ ఊరికి వెళ్తున్నాం. ఆ పాత మిషన్‌కి ఎర్ర టేపు చుట్టి బీరువాలో పెట్టాం. మిగతా రెండు సోమవారం వస్తాయి.